కుర్చీలు లేని సభ

అతను కుర్చీలకూ సోఫాలకూ మెత్తలు వేసే మేస్త్రి. మాట తక్కువ. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, పని వల్ల వచ్చింది. గుడ్డను ఒక చేత్తో లాగి పట్టుకోవాలి. రెండో చేతిలో సుత్తి ఉంటుంది. మేకులు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని మేకులు నోట్లో ఉంటాయి. నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల ముందుకు వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తాడు. సుత్తికి అయస్కాంతం ఉంది. అది వచ్చి మేకును అందుకుని పోతుంది.

నోట్లో మేకులున్నంతసేపూ ఎవరేమడిగినా అతని జవాబు ఒకటే.

"ఊఁ."

వీధిలో అందరికీ ఇది తెలుసు. మేకుల ఊఁకు విలువ లేదని పిల్లలకు కూడా చెప్పి ఉంచారు. వాన వస్తుందా అన్నవాడికీ ఊఁ, రాదంటావా అన్నవాడికీ ఊఁ. నిజమైన జవాబు కావాలంటే అతను మేకులను అరచేతిలోకి ఉమ్మేదాకా ఆగాలి.

పెళ్ళి కూడా అలాగే కుదిరింది. ఫ్రేములకు కలప ఇచ్చే వ్యాపారి ఒక మధ్యాహ్నం వచ్చాడు. గోడవైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మా పెద్దమ్మాయిని చేసుకుంటావా అన్నాడు. మేస్త్రి ఊఁ అన్నాడు. వ్యాపారి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మేకులు అయిపోయాక మేస్త్రి పక్క కొట్టువాళ్ళను అడిగాడు, ఆయన ఎందుకు వచ్చినట్టు అని.

సంగతి తెలిశాక, కాదని చెప్పడానికి మంచి చొక్కా వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు ఆ అమ్మాయే తీసింది. ఏం పని మీద వచ్చారంది. నోట్లో మేకులు లేకపోయినా మాట రాలేదు. చాలాసేపు నిలబడి, చివరికి "ఊఁ" అన్నాడు.

ఆమె ఇప్పుడు అతని పక్కనే మిషను మీద కవర్లు కుడుతుంది. ఇద్దరి తరఫునా మాట్లాడుతుంది. ఆమెకు ఒకే ఒక కోరిక ఉంది. అది మొదట్నుంచీ అలాగే ఉంది.

"ఏవండీ, ఊళ్ళో వాళ్ళందరికీ సోఫాలు చేసి పెట్టారు. మనింట్లో ఉన్నవి రెండు స్టూళ్ళు. అందులో ఒకటి కుంటిది. మనకొక సోఫా వద్దా?"

"ఊఁ."

"మేకులు ఉమ్మి చెప్పండి."

అతను ఉమ్మడు. ఉమ్మితే నిజం చెప్పాలి. నిజమేమిటంటే ఆ ఇంట్లో సోఫా ఉండలేదు. దుకాణం వీధి మట్టానికి ఉంటుంది. ఇల్లు దాని వెనక, రెండు మెట్లు కిందికి. పెద్ద వాన పడితే వీధి నీళ్ళన్నీ దుకాణంలో చెప్పులు తుడుచుకున్నట్టు కాసేపు ఆగి, ఆ మెట్లు దిగి ఇంట్లోకి వెళ్తాయి. స్టూళ్ళను మంచం మీదికి ఎక్కించవచ్చు. సోఫాను ఎక్కడికి ఎక్కిస్తారు? సోఫా ఒక్కసారి నీళ్ళు తాగిందంటే లోపలి పీచు ఇక ఆరదు. దాని మీద కూర్చున్న ప్రతిసారీ నిట్టూరుస్తుంది.

ఆ వీధి నగరం నడిబొడ్డున ఉంది. ఒకప్పుడు నగరమంటే అదే. కాలవ అప్పటిది. నగరం నాలుగు వైపులా పెరిగింది, కాలవ పెరగలేదు. అద్దాల మేడలన్నీ నది ఒడ్డుకు వెళ్ళిపోయాయి. పాత వీధిలో కళ్ళద్దాల కొట్టు, జిరాక్స్ కొట్టు, గడియారాల కొట్టు, గొడుగుల కొట్టు మిగిలాయి. గొడుగుల కొట్టుకు మాత్రమే వానతో పేచీ లేదు.

కళ్ళద్దాల కొట్టువాడు మేస్త్రికి స్వయానా బావమరిది. నాలుక పదును. జిరాక్స్ కొట్టావిడ ఆ వార్డుకు కౌన్సిల్ సభ్యురాలు. అందరూ జిరాక్సక్క అంటారు. ఎన్నికల్లో కూడా ఆ పేరుతోనే గెలిచింది.

ఆ ఏడాది నగర కౌన్సిల్‌కు నడిబొడ్డు బాగు కోసం నిధులు వచ్చాయి. జిరాక్సక్క వాటిని పాత వీధుల కాలవకూ, కాలిబాటకూ, దీపాలకూ అడిగింది. ఇంకొక సభ్యుడు నది ఒడ్డున రంగురంగుల ఫౌంటెన్ కావాలన్నాడు. ఆయన ఏ విషయం మీద మాట్లాడినా ఫౌంటెన్ దగ్గర తేలేవాడు. చెత్త బళ్ళ గురించి మొదలుపెట్టినా అంతే. అందుకని ఆయన ఫౌంటెనాయన అయ్యాడు.

"ఈసారి కాలవ రాకపోతే నేను కొట్టు ఎత్తేస్తా బావా," అన్నాడు బావమరిది. "ఊరి బయట షెడ్డు ఒకటి చూసి పెట్టుకున్నా. మీక్కూడా పక్కనే ఖాళీ ఉంది."

మేస్త్రి భార్య మిషను ఆపింది. "నేనూ అదే చెప్తున్నా. ఈ వానలకు కూడా నీళ్ళు ఇంట్లోకొస్తే నేనిక్కడ ఉండను. షెడ్డులో అయినా సోఫా వేసుకుంటా."

మేస్త్రికి ఆ వీధిలో తప్ప పని చేతకాదు. దుకాణంలో వెలుతురు ఉత్తరం వైపు నుంచి వస్తుంది. గుడ్డ రంగు ఆ వెలుతురులో అబద్ధం చెప్పదు. షెడ్డులో కిటికీ లేదని అతను చూసి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే కౌన్సిల్ సభకు కొత్త కుర్చీలు చెయ్యమని అతనికి పని వచ్చింది.

పాత కుర్చీలు చెక్కవి. కూర్చుంటే వెన్ను చెప్పేది, లేవమని. సభ్యులు ఏ చిన్న సాకు దొరికినా లేచి నిలబడేవారు. మేస్త్రి వాటిని చూసి జాలిపడ్డాడు, కుర్చీల మీద. తర్వాత వానలు లేని నెలలన్నీ ఆ పని మీదే పెట్టాడు. కింద పట్టీలు అల్లాడు. స్ప్రింగులను ఎనిమిది వైపులా తాడుతో కట్టాడు. గోనెపట్ట, పీచు, దూది, దాని మీద ముదురెరుపు మఖమల్. భార్య అంచులకు పైపింగు కుట్టింది. అతను తన జీవితంలో చేసిన మంచి కుర్చీలు అవి. చేస్తున్నప్పుడే అతనికి ఆ సంగతి తెలుసు. ఒక్కొక్కటి పూర్తయినప్పుడు మోచేత్తో నొక్కి చూసి, చిన్నగా నవ్వుకునేవాడు. మేకులు రాలిపోయేవి.

ఆ కౌన్సిల్‌లో ఓటు వేసే పద్ధతి పాతది. తీర్మానం చదువుతారు. ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడాలి. ఒప్పుకోనివాళ్ళు కూర్చునే ఉండాలి. అంతే. చేతులెత్తడం లేదు, చీటీలు లేవు.

కొత్త కుర్చీలతో జరిగిన మొదటి సభలో మేయరమ్మ నడిబొడ్డు కాలవ తీర్మానం చదివింది. ఆవిడ చాలాకాలం హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. కళ్ళజోడు పైనుంచి చూసి, "అనుకూలమైనవారు లేవండి" అంది.

జిరాక్సక్క ఒక్కతే లేచింది. ముందురోజు మాట ఇచ్చినవాళ్ళు కూడా లేవలేదు. లేవకూడదనుకుని కాదు. ఒకాయన లేవబోయినట్టు ముందుకు వంగాడు. కుర్చీ ఆయన్ని మెల్లగా వెనక్కి పిలిచింది. ఆయన వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ కళ్ళు మూసుకుని, ఎన్నాళ్ళకో ఒక చోటు దొరికినట్టు, చేతులు రెండూ పక్కలకు ఆనించి ఉండిపోయింది.

తీర్మానం వీగిపోయింది. తర్వాత ఫౌంటెన్ తీర్మానం వచ్చింది. ఫౌంటెనాయన కూడా లేవలేదు. సగం లేచి, సరే ఇంకోసారి చూద్దాం అన్నట్టు కూలబడ్డాడు. అదీ వీగిపోయింది. ఆ రోజు అన్నీ వీగిపోయాయి. పదవీ విరమణ చేస్తున్న గుమాస్తాకు అభినందన తెలిపే తీర్మానం కూడా వీగిపోయింది. ఆయన దండ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళాడు.

సాయంత్రం బావమరిది కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. "బావా, నీకు దండం. నువ్వు కుర్చీలు చేశావా, జోలపాట పాడావా?"

"బాగున్నాయా?" అన్నాడు మేస్త్రి.

"బాగుండటమే మన ఖర్మ. ఊళ్ళో ఉన్న పనిమంతుల్లో మా అక్కకు నువ్వే దొరకాలా? కాస్త చేతగానివాణ్ణి చేసుకుని ఉంటే ఈపాటికి కాలవ వచ్చేది."

జిరాక్సక్క చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది. అది కుంటిది. ఆమె అటూ ఇటూ ఊగుతూ మాట్లాడింది. "అన్నా, నేను అడగకూడదు. అయినా అడుగుతున్నా. నిధుల గడువు దగ్గర పడుతోంది. ఒక్క నాలుగు కుర్చీల్లో స్ప్రింగు కాస్త వదులు చెయ్యి. గుచ్చుకోవాలని కాదు. కాస్త... చిరాకు పుట్టాలి."

"ఒక్కో దాంట్లో ఒక్కో మేకు తిరగేసి పెట్టు," అన్నాడు బావమరిది. "తీర్మానం చదవడం పూర్తవకముందే లేస్తారు."

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె పైపింగు వైపు చూస్తోంది. "నన్నడక్కండి. నేను కుట్టిన అంచు కూడా ఉంది దాంట్లో," అంది.

మర్నాడు మధ్యాహ్నం అతను సంచి తీసుకుని సభ హాలుకు వెళ్ళాడు. వాచ్‌మన్ తలుపు తీసి టీకి వెళ్ళాడు. మేస్త్రి ఒక కుర్చీని తలకిందులు చేసి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్ప్రింగు తాడు మీద కత్తి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

తిరిగి వచ్చేసరికి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు.

"చేశావా?" అన్నాడు బావమరిది.

"ఒకటి కిర్రుమంటోంది. నూనె రాసి వచ్చా."

బావమరిది కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. చూడటానికి ఇక ఏమీ లేదన్నట్టు.

రెండో సభకు మేస్త్రి కూడా వెళ్ళాడు. చూడటానికి వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీలు చెక్క కటకటాలకు ఇవతల ఉంటాయి. అవి నేలకు బిగించినవి, గట్టివి. జిరాక్సక్క ఆ రోజు చాలా బాగా మాట్లాడింది. పోయిన వానకు తన మిషన్లలో నీళ్ళు దూరి, ఎవరి సర్టిఫికెట్టు తీసినా చేప బొమ్మలా వస్తోందని చెప్తే అందరూ నవ్వారు. హాయిగా, కూర్చునే నవ్వారు. మేయరమ్మ లేవమంది. ఇద్దరు లేచారు.

బావమరిది తల పట్టుకున్నాడు. మేస్త్రి మాత్రం ఒకే వైపు చూస్తున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఏడవకు బావా. ఇంకో సభ ఉంది."

"అది చూడు," అన్నాడు మేస్త్రి.

"ఏది?"

"ఫౌంటెనాయన కుర్చీ. నూగు తిరగబడింది."

మఖమల్‌కు నూగు ఉంటుంది. ఒక వైపు నిమిరితే నునుపు. ఎదురు నిమిరితే గరుకు. గుడ్డ తలకిందులుగా పరిస్తే అదే రంగు ఒక వన్నె తేలిపోయి కనపడుతుంది. పై కిటికీలోంచి ఎండ కుర్చీల వీపుల మీద పడుతోంది. అన్నీ ముదురెరుపు. ఆ ఒక్కటి కొంచెం తేట. అది మేస్త్రికి తప్ప ఎవరికీ కనపడలేదు. కళ్ళద్దాలు అమ్మేవాడికి కూడా కనపడలేదు.

"నడివీధిలో మనం మునిగిపోతుంటే, నువ్వు నూగు చూస్తున్నావా?"

"ఇన్నాళ్ళూ అలాగే ఉంది," అన్నాడు మేస్త్రి. "అందరి ముందూ."

ఆ తర్వాత అతనికి అన్నం సహించలేదు. ఆ కుర్చీ ఒక్కటీ తెచ్చి సరిచేస్తే చాలదు. కొత్త కుర్చీ ఏదైనా కొన్నాళ్ళు కూర్చున్నాక స్ప్రింగు తాళ్ళు సాగుతాయి. అప్పుడు ఒకసారి తెచ్చి బిగించి ఇవ్వడం అతని అలవాటు. ఒకటి బిగించి మిగతావి వదిలేస్తే, వరసలో అది వేలెడు ఎత్తుగా నిలుస్తుంది. నూగు తిరగబడ్డ కుర్చీ, పైగా వేలెడు ఎత్తు. ఆ బొమ్మ తలచుకుంటేనే అతనికి చెమట పట్టింది. తేవాలంటే అన్నీ కలిపే తేవాలి.

ఆఖరి సభ వచ్చే వారం చివర ఉంది. ఈలోగా అయిపోతుందని లెక్క వేసుకున్నాడు.

సోమవారం జిరాక్సక్క పరుగున వచ్చింది. "వదినా, సభ ముందుకు జరిపారు. ఈ గురువారమే. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుందట. తేల్చకపోతే నిధులు వెనక్కి పోతాయి. అన్నకు చెప్పు, అందరం వెళ్దాం."

మేస్త్రి భార్య లోపలికి వచ్చి చెప్పింది. అతను ఒక ఆసుపత్రి బల్లకు రెక్సిన్ తొడుగుతున్నాడు.

"ఏవండీ, సభ గురువారమేనట. విన్నారా?"

"ఊఁ."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ పొరపాటు ఎప్పుడూ చెయ్యలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మేకులు ఉమ్మమనకుండా వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మేస్త్రి వ్యాను మాట్లాడుకుని సభ హాలుకు వెళ్ళాడు. బిగింపుకు తీసుకెళ్తున్నానన్నాడు. మేస్త్రి అబద్ధం చెప్పడని వాచ్‌మన్‌కు తెలుసు. ఒక చెయ్యి వేసి ఎక్కించాడు కూడా. పాత చెక్క కుర్చీలను ఎప్పుడో అమ్మేశారు. హాలులో కటకటాలు, మేయరమ్మ బల్ల, కుర్చీ కాళ్ళ గుర్తులున్న తివాచీ మిగిలాయి.

బుధవారం మధ్యాహ్నం వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఆకాశం ఎవరో కాలు తగిలి ఒలకబోసిన బిందెలా ఉంది. కాలవ తన చిన్నతనం నుంచీ చేస్తున్న పనే చేసింది. పొంగింది. మేస్త్రి నగర కౌన్సిల్‌ను ఒక్కొక్కటిగా పైకెత్తాడు. దుకాణంలో బల్ల మీద కొన్ని, అటక మీద కొన్ని. మిగిలినవాటికి తాళ్ళు కట్టి దూలాలకు వేలాడదీశాడు. నీళ్ళు మోకాలిదాకా వచ్చాయి. పైన ముదురెరుపు కుర్చీలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. అతను నీళ్ళలో స్టూలెక్కి ఫౌంటెనాయన కుర్చీ వీపు విప్పి, నూగు సరిచేసి, మళ్ళీ మేకులు కొట్టాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

గురువారం పొద్దున భార్య చీర కుచ్చిళ్ళు పట్టుకుని నీళ్ళలో వచ్చింది. వెనక బావమరిది. గుమ్మంలో ఆగి పైకి చూశారు.

"అక్కా," అన్నాడు బావమరిది, "నాకు కనపడుతున్నవి నీకూ కనపడుతున్నాయా? లేక నేను అద్దాలు మార్చుకోవాలా?"

"ఏవండీ, సభ ఇవాళ."

మేస్త్రి నోట్లోంచి మేకులన్నీ నీళ్ళలో పడ్డాయి.

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పానండీ. ఊఁ అన్నారు."

ఆ మాట అన్నాక ఆమెకే అర్థమైంది. ఏ ఊఁ అన్నాడో గుర్తొచ్చింది. గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. ముందు ఏడుపు వస్తుందనుకుంది. నవ్వు వచ్చింది. పైన ఫౌంటెనాయన కుర్చీ మెల్లగా ఆమె వైపు తిరిగి, మళ్ళీ అటు తిరిగింది. ఆమె ఇంకా నవ్వింది. "వాయిదా వేస్తారు," అంది నవ్వుతూనే. "కుర్చీలు లేవని వాయిదా వేస్తారు. మన కాలవ పోయింది. షెడ్డుకు సామాను సర్దుకోవాలి." నవ్వు ఆగలేదు.

"వ్యాను పిలవండి," అన్నాడు మేస్త్రి.

వ్యాను వీధి మొదట్లోనే ఆగిపోయింది. డ్రైవరు దిగి నీళ్ళు చూసి, ఇది పడవల వాళ్ళ పని అన్నాడు.

ముగ్గురూ తడిసిన బట్టలతోనే సభకు పరుగెత్తారు.

హాలులో సభ్యులందరూ నిలబడి ఉన్నారు. గోడకు ఆనుకుని కొందరు, తివాచీ మీద గుర్తుల్లో కాళ్ళు పెట్టుకుని కొందరు. అద్దె కుర్చీలవాడికి ఫోన్ చేస్తే, నా కుర్చీలు నీళ్ళలో ఉన్నాయన్నాడట. చూపరుల బెంచీలు నేలకు బిగించినవి. ఒకాయన వచ్చి దాని మీద కూర్చోబోతే మేయరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"కటకటాల లోపల ఉన్నంతవరకే మీరు సభ్యులు. బయట కూర్చుంటే మీరు జనం. మీ ఇష్టం."

ఆయన లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. మేయరమ్మ కుర్చీ కూడా దూలానికే వేలాడుతోంది. ఆవిడా నిలబడే ఉంది. ఇరవై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ కాళ్ళు, వాటికి ఇది లెక్క కాదు.

ఫౌంటెనాయన ముఖం చిట్లించాడు. "మేడమ్, కూర్చునే దిక్కు లేని సభ సభేనా? నేను..."

జిరాక్సక్క చుట్టూ చూసింది. అందరినీ ఒకసారి చూసింది. అందరి మోకాళ్ళనూ చూసింది. ఆమె ముఖంలోకి ఏదో వచ్చింది. దాన్ని ఆపుకోవడానికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేడమ్," అంది, ఫౌంటెనాయన మాట పూర్తి కాకముందే. "నాదొక తీర్మానం. ఇవాళ్టి అంశాలన్నీ అయిపోయేదాకా సభ వాయిదా వెయ్యకూడదు."

మేయరమ్మ తలెత్తింది. "అనుకూలమైనవారు లేవండి."

ఎవరూ కదల్లేదు. కదలాల్సిన పని లేదు. మేయరమ్మ లెక్కపెట్టింది. వేలితో, ఒక్కొక్కరినీ చూపిస్తూ, తరగతిలో హాజరు చూసుకున్నట్టు.

"ఏకగ్రీవం," అంది.

ముందు అర్థమైంది బావమరిదికి. మేస్త్రి భుజం పట్టుకుని గట్టిగా ఊపాడు.

"ఇదేం లెక్క మేడమ్?" అన్నాడు ఫౌంటెనాయన. "మేం లేవలేదు. మేం ముందే లేచి ఉన్నాం."

"నిలబడ్డవారు అనుకూలం అని నియమం. ఎప్పట్నుంచి నిలబడ్డారని అడగమని లేదు. మొదటి అంశం. నడిబొడ్డు కాలవ, కాలిబాట, దీపాలు."

ఫౌంటెనాయన చురుకైనవాడే. ఆ వాక్యం పూర్తయ్యేలోగా తివాచీ మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి. "నేను కూర్చున్నా. రాసుకోండి," అన్నాడు. ఇంకొకరిద్దరు ఆయన్ని చూసి కూర్చోబోయారు. నేలవైపు చూశారు. ఇస్త్రీ బట్టలవైపు చూసుకున్నారు. తివాచీ తడిగా ఉంది. ఆగిపోయారు.

"ఒకరు వ్యతిరేకం," అంది మేయరమ్మ. "తీర్మానం నెగ్గింది."

మేస్త్రి భార్య కటకటాలు పట్టుకుంది. బావమరిది టక్కున లేచి, తను సభ్యుడు కాదని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

"రెండో అంశం. నది ఒడ్డున ఫౌంటెన్, నిధులు మళ్ళీ వచ్చినప్పుడు."

ఫౌంటెనాయన లేవబోయాడు. ఒక చెయ్యి నేలకు ఆనించాడు. రెండో చెయ్యీ ఆనించాడు. నడుము ఒప్పుకుంది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. "ఒక్క నిమిషం మేడమ్. వస్తున్నా. ఎవరైనా కాస్త చెయ్యి..."

"ఓటు జరిగేటప్పుడు సభ్యుల్ని తాకకూడదు," అంది మేయరమ్మ. "నెగ్గింది. ఒకరు వ్యతిరేకం."

అలా నగరంలో ఫౌంటెన్‌ను వ్యతిరేకించిన ఏకైక సభ్యుడిగా ఫౌంటెనాయన పేరు రికార్డుల్లోకి ఎక్కింది.

ఆ తర్వాత సభకు పగ్గం లేకుండా పోయింది. మూల పడ్డ తీర్మానాలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కటే నెగ్గాయి. బస్సు రాని వీధిలో బస్ స్టాపు నెగ్గింది. ఎవరిదో తేలక ఆగిపోయిన విగ్రహానికి గుర్రం వరకు నెగ్గింది. దీపస్తంభాలన్నిటికీ పసుపు రంగు నెగ్గింది. గుమాస్తాకు అభినందన నెగ్గింది, కబురు పంపితే ఆయన తడుస్తూ వచ్చి, దండ ఏదని అడిగాడు. మొదట కొందరు మొహమాటంగా నవ్వారు. తర్వాత వాళ్ళే జేబుల్లోంచి కొత్త కోరికలు తీసి చదివారు. ఒకావిడ తన వార్డులో కుక్కలకు నీళ్ళ తొట్టి కావాలంది. ఫౌంటెనాయన తప్ప అందరూ నిలబడే ఉన్నారు. చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళనుంచో ఒకరి మాట ఒకరు కాదంటూ వచ్చిన మనుషులు, ఆ పూటంతా దేనికీ కాదనలేకపోయారు. అది వాళ్ళకు నచ్చింది. కాళ్ళు నొప్పి పుట్టినా ఇంకేమైనా ఉందా అని అడిగారు.

సభ అయ్యాక మేస్త్రి కటకటాలు దాటి ఫౌంటెనాయన చంకల కింద చేతులు వేసి లేపాడు.

"మీ కుర్చీ నీళ్ళు తగ్గగానే వస్తుందండీ. నూగు సరిచేశాను."

"ఏం నూగు?"

"మీకు కనపడలేదు లెండి. క్షమించాలి."

ఫౌంటెనాయన అతని తడిసిన చొక్కావైపు చూశాడు. "అంటే కుర్చీలు తీసుకెళ్ళింది నువ్వా? నా కుర్చీ కోసమా?"

"అవునండీ."

ఆయన ఏదో గట్టిగా అనబోయాడు. మోకాలు కలుక్కుమంది. అనలేదు.

నీళ్ళు తగ్గాక కుర్చీలు హాలుకు వెళ్ళాయి. వరస సమంగా ఉంది. రంగు సమంగా ఉంది. మరుసటి సభలో ఈ లేచి నిలబడే పద్ధతి తీసేసి చేతులెత్తే పద్ధతి పెట్టాలని ఒకాయన తీర్మానం తెచ్చాడు. అందరూ మంచిదేనన్నారు. మేయరమ్మ లేవమంది. ఎవరూ లేవలేదు. ఆ పద్ధతి ఇప్పటికీ అలాగే ఉంది.

కాలవ పని ఎండలు ముదిరేలోగా అయిపోయింది. వీధంతా తవ్వినన్నాళ్ళూ దుకాణంలో దుమ్ము. ఇంట్లో దుమ్ము. అన్నంలో దుమ్ము. మేస్త్రి తెల్లగుడ్డ పని ఏదీ ఒప్పుకోలేదు. బావమరిది రోజూ గోతి అంచున నిలబడి పనివాళ్ళకు సలహాలు చెప్పాడు. ఒకరోజు అందులో పడ్డాడు. లేపినవాళ్ళకు అద్దాలు తక్కువకు ఇస్తానన్నాడు. ఊరి బయట షెడ్డు మాట ఇక ఎత్తలేదు.

మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. జనం కొట్లలోంచి బయటికి వచ్చారు. స్టూళ్ళు మంచాలెక్కించడానికి కాదు, నీళ్ళు పోవడం చూడటానికి. నీళ్ళు వచ్చాయి. దుకాణం ముందు పాత అలవాటున ఒక్క క్షణం ఆగాయి. తర్వాత కాలవ మూతల కన్నాల్లోకి గలగలా దిగిపోయాయి. పసుపు దీపస్తంభం కింద నిలబడి జిరాక్సక్క నవ్వింది. ఎన్నికల్లో గెలిచిన రోజున కూడా అంతగా నవ్వలేదు. గొడుగుల కొట్టాయన మాత్రం, అందరూ తడుస్తూనే సంతోషంగా ఉన్నారని కొంచెం నొచ్చుకున్నాడు.

మేస్త్రి లోపలే ఉన్నాడు. ఒక పడక్కుర్చీకి పట్టీ బిగిస్తున్నాడు. భార్య వెనక గదిలోకి వెళ్ళి, రెండు మెట్ల కింద నేలను అరచేత్తో తడిమి చూసింది. చెయ్యి చూసుకుంది. పొడిగా ఉంది. వచ్చి అతని ఎదురుగా కుంటి స్టూలు మీద కూర్చుంది.

"ఏవండీ."

"ఊఁ."

"మనకొక సోఫా."

సుత్తి ఆగింది. అతను వంగి, అరచెయ్యి పట్టి, మేకులను ఒక్కొక్కటిగా అందులోకి వదిలాడు. ఆమె ఊగడం ఆపి చూసింది. నాలుకతో చివరి మేకు కోసం వెతికాడు. అదీ వచ్చింది.

"ఏ రంగు?" అన్నాడు.